దొర బంగళాలో దిష్టి మిరపకాయలు

ఒక్క దెయ్యం కథతో నూరుమందిని చెప్పులు కూడా వేసుకోకుండా ఇళ్లకు పరిగెత్తించి, డెబ్బై ఏళ్ల డాక్టరమ్మగారికి ఊపిరాడకుండా చేసి, అందరికంటే ముందు నేనే గోడ దూకిన చరిత్ర నాది. గోడ ఎత్తు ఐదడుగులు. కట్టుకున్నది గంజి పెట్టిన చీరాల నేత చీర. ఎలా దూకానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరు నవ్వుకోండి, పర్లేదు. ఆ సాయంత్రం నాకు మాత్రం నవ్వు రాలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఐదేళ్లు. సెల్‌ఫోన్‌కి ఎవరైనా చేస్తే, ఎత్తిన పాపానికి మన డబ్బులు కోసే రోజులు. గుంటూరుకీ చీరాలకీ మధ్య ఒక చిన్న టౌన్లో, ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరి ఏడాదైంది. ఫిజిక్స్ చదువుకున్నదాన్ని కాబట్టి దెయ్యాలు లేవని నాకు బాగా తెలుసు. పగటిపూట తెలుసు. చీకటిపడ్డాక అదే సంగతి నాకు నేను రెండు మూడుసార్లు చెప్పుకోవాల్సి వచ్చేది. అద్దెగదిలో తెల్లవార్లూ లైటు వేసుకునే పడుకునేదాన్ని. ఇంటావిడ కరెంటు బిల్లు చూసి, "రాత్రిళ్లు కూడా చదువుతున్నావా అమ్మా, పాపం" అనేది. అవునండీ అనేదాన్ని.

మా కాలేజీకి ఒక పెద్ద చిక్కుండేది. చుట్టుపక్కల మిరప, పత్తి ఊళ్లకి ఆఖరి బస్సు ఐదింటికి. సైన్సు పిల్లల ప్రాక్టికల్స్ అయ్యేసరికి ఐదున్నర. బస్సు తప్పితే చీకట్లో పొలాలెంబడి నడక. అందువల్ల నెలకొక పిల్ల చదువు మానేసేది. ఈ సంగతి విని, మా ఊళ్లో రిటైరైన లేడీ డాక్టరు సుభద్రమ్మగారు తన దొర బంగళాని పిల్లల హాస్టల్‌కి ఇస్తానన్నారు.

దొర బంగళా అంటే పూర్వం ఎవరో పొగాకు దొర కట్టించుకున్న రెండంతస్తుల మేడ. చెక్క మెట్లు, మూరన్నర మందం గోడలు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ మహానుభావుడు హాల్లో, గోడలోకి, చలిమంట వేసుకునే గూడు కట్టించుకున్నాడు, పొగగొట్టంతో సహా. గుంటూరు జిల్లాలో! మే నెలలో రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుని ఇంటికొచ్చే ఊళ్లో! ఆ గూడు చూస్తేనే ఆ ఇంట్లో ఎవరికో మతి చెడిందని తెలిసిపోతుంది. ఊరివాళ్లు ఇంకాస్త ముందుకెళ్లి, దొరకి వంట చేసిన వెంకమ్మ ఆ మేడమెట్ల మీదనుంచి పడి చచ్చిపోయిందనీ, తెల్లచీర కట్టుకుని పైన తిరుగుతూ ఉంటుందనీ చెప్పుకునేవాళ్లు. అందుకే డాక్టరమ్మగారికి ఆ మేడ చౌకగా వచ్చింది. అందుకే ఏ తల్లీతండ్రీ పిల్లని అక్కడ ఉంచడానికి ఒప్పుకోలేదు.

డాక్టరమ్మగారు ఓడిపోయే మనిషి కాదు. ఓ రోజు కాలేజీ స్టాఫ్‌రూమ్‌కి వచ్చి కూర్చున్నారు.

"దెయ్యముందంటున్నారు గదా, సరే, ఆ ఇంట్లోనే దెయ్యం కథలు చెప్పిద్దాం. టిక్కెట్టు పెట్టి, ఆ వచ్చినదాంతో పిల్లలకి మంచాలు కొందాం. జనం సరదాగా వస్తారు, ఇల్లు చూస్తారు, భయం పోతుంది."

"పోకుండా ఇంకా పెరిగితేనో?" అన్నారు తెలుగు చెప్పే రాఘవయ్యగారు.

"ఎందుకు పెరుగుతుందండీ? ముందు మీరు భయపెట్టండి. చివర్లో సైన్సు మేడమ్ వచ్చి ఆ భయం తీసేస్తుంది. ఏమ్మాయ్, నీకు దెయ్యాల భయమేమన్నా ఉందా?"

అప్పుడు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. "నాకా? భయమా?" అని నేను నవ్విన నవ్వు పక్క క్లాసులోకి కూడా వినిపించింది.

"అయితే హాస్టల్ వార్డెన్‌వి కూడా నువ్వే. పైన పెద్దగది నీకు. అద్దె లేదు."

అద్దె లేదనగానే నా మొహం విప్పారింది. పైన అనగానే అదే మొహం ముడుచుకుంది. రెండూ ఒకేసారి జరగడంతో తలూపాను.

ఇక్కడ కోటమ్మ గురించి చెప్పాలి. నా క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల అంజలికి తల్లి. మిరపకాయలు ఆరబోసే కళ్లాల్లో తాలుకాయ, మంచికాయ వేరుచేసే పని ఆమెది. కాయ పట్టుకుని చూడనక్కర్లేదు, గలగల శబ్దం విని రకం చెప్పేసేది. ఆ వారమే నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చింది.

"మేడంగారూ, పరీక్షలింక రెండు నెలలేనంట. ఆ బంగళాలో ఏం లేదని నా కళ్లతో చూస్తే పిల్లని ఉంచుతా. లేదంటే సోమవారం నించీ నాతోపాటు కాయకోతకి వచ్చిద్ది. రోజూ చీకట్లో దాన్ని మూడు మైళ్లు నడిపించి, నేను గుమ్మంలో ప్రాణాలు బిగబట్టుకుని కూర్చోలేనమ్మా."

పక్కన అంజలి రికార్డు పుస్తకం గుండెలకు హత్తుకుని నిలబడింది. నా వైపు చూసిందంతే. "నీ చదువు ఆగదు, నాదీ పూచీ" అనేశాను. అలా పూచీ పడ్డాక ఊరికే కథ చెప్తే చాలదనిపించింది. ప్రయోగం ఒకటి తయారుచేశాను.

మా వైపు పిల్లాడు అన్నం తినకపోయినా, గేదె పాలివ్వకపోయినా ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటొచ్చి అందరూ దగ్గారా, ఏ దిష్టీ లేనట్టు. ఎంతసేపటికీ ఘాటు రాలేదా, ఇంక చెప్పక్కర్లేదు, గట్టిదేదో పట్టినట్టు. దీన్ని నమ్మనివాళ్లు మా తాలూకాలో లేరు. అందుకని నా ఆలోచన ఏమిటంటే, కథ చివర్లో ఆ గూట్లో నిప్పులమీద అందరిముందూ మిరపకాయలు వేస్తాను. ఘాటుకి హాలంతా దగ్గుతుంది. "చూశారా! ఈ ఇంట్లో ఏమీ లేదు. మీ పరీక్షే చెప్పింది. ధైర్యంగా పిల్లల్ని పంపండి" అంటాను. చప్పట్లు. ఎంత చక్కగా కుదిరిందో చూడండి! రెండ్రోజులు నాకు నేనే ముచ్చటపడ్డాను.

"కోటమ్మా, బాగా ఘాటుండే కాయలు కావాలి."

"దేనికమ్మా?"

"దిష్టికి."

"దిష్టికి ఏడు చాలు. నేను తెచ్చే కాయైతే ఐదే ఎక్కువ. పట్టుకుంటేనే వేళ్లు మండిద్ది, చూసుకోండి" అని చిన్న సంచి నిండా తెచ్చిచ్చింది. ఏడు చాలని ఆమె చెప్పిన మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

కథలు చెప్పే రోజు సాయంత్రం ఆరింటికే హాలు నిండిపోయింది. మాఘమాసపు చలి. లైట్లన్నీ తీసేసి రెండు లాంతర్లు పెట్టారు. ముందు వరసలో తెల్లచీరలో డాక్టరమ్మగారు, ఆమె వెనక కోటమ్మ, అంజలి. ముందు రాఘవయ్యగారు లేచారు. క్లాసులో ఆయన పాఠం చెప్తే పిల్లలు నిద్రపోతారు. ఆ రోజు ఆయన గొంతులోకి ఎవరొచ్చి కూర్చున్నారో నాకు తెలియదు. అర్ధరాత్రి పత్తిబండి తోలుకొస్తున్న రైతు, బండి బరువెక్కిందని వెనక్కి తిరిగి చూస్తే బోరాల మీద ఎవరో పడుకుని ఉన్నారట. మొహం మీది గుడ్డ తీస్తే అది తన మొహమేనట. ఆయన ఆ మాట అని లాంతరు ఒత్తి తగ్గించారు. ఎవరో పిల్ల కెవ్వుమంది. ఆ పిల్ల నేనేనని తర్వాత తెలిసింది.

తర్వాతది నా కథ. నేను గోడవైపు తిరిగి గూట్లో బొగ్గులు రాజేసుకుంటున్నాను. నిప్పు వెచ్చగా ఉంది కానీ వీపంతా చల్లబడిపోయింది. వెనక చీకటి. ఆ చీకట్లో చెక్కమెట్లు ఒకసారి కిర్రుమన్నాయి. ఎలుకలేమో అనుకున్నాను. మళ్లీ కిర్రుమన్నాయి. ఎలుకలు అంత నెమ్మదిగా, మెట్టుమెట్టుకీ ఆగి ఆగి ఎక్కుతాయా అని లోపల ఒక ప్రశ్న లేచింది. తిరిగి చూడటానికి ధైర్యం చాల్లేదు. అప్పటికే ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీ అయింది. నేను చూడలేదు, మీరు చూసి ఉంచుకోండి.

కథ మొదలుపెట్టాను. వెంకమ్మ కథే చెప్పాను. ఊళ్లో చెప్పుకునేదానికి నా సొంతం కొంత కలిపాను. వెంకమ్మకి జబ్బు చేసిందనీ, దొరసాని తలుపేసి లోపల పెట్టిందనీ, మూడు రోజులు నీళ్లు నీళ్లని అరిచి, నాలుగోరోజు తలుపు తోసుకొచ్చి మెట్ల మీదనుంచి పడిందనీ చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వింటున్నవాళ్లలో చీరకొంగు కదిలిన చప్పుడు కూడా లేదు. ఇంత కథ ఎందుకు కల్పించానురా భగవంతుడా అనిపించింది. ఆపలేకపోయాను.

"దొర భయపడి దిష్టి తీయించాడు. మిరపకాయలు నిప్పుల్లో వేయించాడు. ఘాటు రాలేదు! అందుకే వెంకమ్మ ఇంకా ఈ ఇంట్లోనే ఉందంటారు. ఉందో లేదో ఇప్పుడే చూద్దాం!"

కాయలు తీసి గుప్పెడు వేశాను. ఏడు కాదు, గుప్పెడు. ప్రయోగం విఫలం కాకూడదు గదా.

కాయలు చిటపటలాడాయి, నల్లబడ్డాయి. నేను చిరునవ్వుతో దగ్గు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

ఎవరూ దగ్గలేదు.

"ఘాటు రాలేదే" అంది వెనకనుంచి ఒక ముసలాయన గొంతు.

"కాసేపాగండి" అన్నాను. మరో గుప్పెడు వేశాను. ముక్కుతో గట్టిగా పీల్చాను. మాఘమాసపు చల్లగాలి తప్ప ఏమీ లేదు. సంచి తలకిందులు చేసి మొత్తం కుమ్మరించాను. నా వేళ్లు భగభగ మండుతున్నాయి. అంటే కాయ మంచిదే. మరి ఘాటేది? నూరుమంది ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు. ఒక్క దగ్గు. ఒక్కరు దగ్గినా చాలు. నేనే దొంగదగ్గు దగ్గుదామనుకున్నాను, అదీ రాలేదు. దెయ్యాలు లేవని నాకు నేను చెప్పుకోవడానికి ప్రయత్నించాను. ఎందుకు లేవో ఒక్క కారణం కూడా గుర్తు రాలేదు.

ఆ నిశ్శబ్దంలో కోటమ్మ ఒక్కతే గొణిగింది.

"దెయ్యం సంగతి నాకు తెలవదుగాని, నా కాయకి ఘాటు లేకపోవటమేంది?"

సరిగ్గా అప్పుడు పైన దబ్బుమని ఏదో పడింది. గీరుకుపోయిన గొంతుతో ఎవరో మూలిగారు. తలుపు తోసిన చప్పుడు. చెక్కమెట్లు కిర్రు, కిర్రు. లాంతరు వెలుగు చివర తెల్లచీర కనిపించింది. జుట్టు విరబోసుకుని ఉంది. రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి. నోరు తెరుస్తోంది, మాట రావట్లేదు. చివరికి మగగొంతుతో బొంగురుగా రెండే మాటలు వచ్చాయి.

"నీళ్లు... నీళ్లు..."

"వెంకమ్మ! నీళ్లడుగుతోంది!" అని ఎవరో అరిచారు.

తర్వాత హాల్లో ఏం జరిగిందో నేను చెప్పలేను, నేను అక్కడ లేను. వెనక వరండా, పెరడు, గోడ, అవతల పక్కింటివాళ్ల పత్తికట్టె మోపులు. ఆ మోపుల మధ్యలో దూరి కళ్లు మూసుకున్నాను. దేవుణ్ణి తలుచుకుందామంటే ఏ దేవుడి పేరూ గుర్తుకు రాలేదు. నోటికొచ్చింది నేను క్లాసులో చెప్పే కుడిచేతి బొటనవేలి నియమం ఒక్కటే. అదే జపించాను. గోడ అవతల కుర్చీలు విరిగిపోతున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు, చెప్పుల కోసం ఎవరూ ఆగట్లేదు. కాస్త ఊపిరి తిరిగాక అప్పుడు గుర్తొచ్చింది, అంజలి లోపలే ఉంది. నీ చదువుకి నాదీ పూచీ అని చెప్పి, ఆ పిల్లని దెయ్యానికి వదిలేసి నేను వచ్చి కట్టెల్లో కూర్చున్నాను. అంత సిగ్గు నాకు అంతకుముందు ఎప్పుడూ వేయలేదు. అయినా లేవలేదు. సిగ్గు వేరు, కాళ్లు వేరు.

ఎంతసేపైందో, మోపుల మీద లాంతరు వెలుగు పడింది.

"మేడంగారూ, బయటికి రండి. దెయ్యం కాదు, డాక్టరమ్మగారు."

కోటమ్మ గొంతు. నేను కదల్లేదు. "నిజంగానా?"

"నీళ్లు తాగి తిడతన్నారు. దెయ్యాలు తిట్టవుగా."

"ఎవర్ని తిడుతున్నారు?"

"ఇంకెవర్ని, మిమ్మల్నే."

లోపలికి వెళ్లేసరికి హాల్లో ముగ్గురే మిగిలారు. డాక్టరమ్మగారి కళ్లు దొండపండ్లలా ఉన్నాయి. అంజలి ఆవిడ మొహం మీద తడిగుడ్డ అద్దుతోంది. రాఘవయ్యగారు కుర్చీ కింద ఉన్నారు, ఇంకా బయటికి రాలేదు. జరిగింది ఇదీ. డాక్టరమ్మగారు నడుం పట్టేసి, నేను బొగ్గులు రాజేస్తుండగా మెల్లిగా మెట్లెక్కి, పైన పెద్దగదిలో మంచం మీద వాలారు. ఆ గదిలోనూ ఇలాంటి గూడే ఉంది. రెండింటికీ ఒకటే గొట్టం. పావురాలు గూళ్లు పెడుతున్నాయని గొట్టం పైమూతికి ఆవిడే రేకు కొట్టించారు. నేను సంచెడు కాయ వేస్తే, ఆ ఘాటు మొత్తం ఒక్క వీసం కూడా హాల్లోకి రాకుండా గొట్టంలో పైకెళ్లి, దారిలేక ఆవిడ తలాపి దగ్గర దిగింది. అందరూ బయటికి పరిగెత్తుతుంటే తన కాయ ఘాటు ఎటుపోయిందో తేల్చుకోవడానికి కోటమ్మ మెట్లెక్కింది. ఆవిణ్ణి పట్టుకుని దింపింది.

"ఏమ్మాయ్" అన్నారు డాక్టరమ్మగారు, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "వేడిగాలి ఎటు పోతుంది?"

"పైకండీ."

"పైన గూడుందని తెలీదా?"

"తెలీదండీ."

"వారంరోజుల్నించీ వార్డెన్‌వి. ఉండబోయే గది ఒక్కసారన్నా ఎక్కి చూశావా?"

"లేదండీ."

"ఎందుకని?"

నేను ఖాళీ సంచి తీసి జాగ్రత్తగా మడతపెట్టాను. అంజలి తల వంచుకుంది. దానికి అర్థమైపోయింది.

తెల్లారేసరికి వెంకమ్మ నీళ్లడిగిన సంగతి రేపల్లె దాకా పాకింది. కొందరు ఆమె పాదాలు వెనక్కి తిరిగి ఉండటం కూడా చూశారు. ఇంక పిల్లల్ని ఎవరు పంపుతారు? ఆదివారంనాడు డాక్టరమ్మగారు తల్లిదండ్రుల్ని అదే హాల్లో పట్టపగలు పోగుచేసి, నా చేత నిజం చెప్పించారు. గూడు, గొట్టం, రేకు, సంచి, గోడ, అన్నీ చెప్పాను. ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు. అప్పుడు కోటమ్మ లేచింది.

"నేను పైకెక్కి చూశా. ఘాటంతా అక్కడే ఉంది. ఆ ఘాటులో మనిషే ఉండలేడు, దెయ్యం ఏడుంటది? మా అంజలిని ఇయ్యాళే దింపుతా." నేను ఆనందంతో ఆమె చేతులు పట్టుకోబోయాను. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "కాకపోతే ఒక్క మాట. ఏమనుకోమాకండి మేడంగారూ. మీరు వార్డెనైతే మాత్రం దింపను."

"ఎందుకు కోటమ్మా?"

"రేపు నిప్పంటుకుంటే పిల్లల్ని లేపుతారా, గోడ దూకుతారా?"

హాలు మొత్తం నవ్వింది. ఆ ఇంట్లో నూరేళ్లలో అంత నవ్వు ఎవరూ విని ఉండరు. నవ్వుతూనే ఒక్కొక్కరూ లేచి పిల్లల పేర్లు రాయించారు. పదకొండు మంది చేరారు. వార్డెన్‌గా కోటమ్మ చేరింది. పైన పెద్దగదిలో పిల్లలతోపాటు ఆమె పడుకునేది. అంజలి కాయకోతకి వెళ్లలేదు.

నెల తర్వాత కోటమ్మ ఏదో పెళ్లికి ఊరెళ్తూ, ఆ ఒక్క రాత్రికి నన్ను హాస్టల్లో ఉండమంది. కాదనడానికి మొహం చెల్లలేదు. వెళ్లేసరికి పైగదిలో పదకొండు మంచాలు వరసగా ఉన్నాయి. వాటి మధ్యలో నా పక్క వేసి ఉంది.

"మేడమ్, మీరిక్కడ పడుకోండి" అంది అంజలి, ఎంతో మర్యాదగా. "అటు అయిదుగురం, ఇటు ఆరుగురం ఉంటాం. భయమేస్తే లేపండి. మొహమాటపడకండి."

లేపాను. రెండుసార్లు.

కాబట్టి సాటి అధ్యాపకుల, తల్లిదండ్రుల, కీర్తిశేషురాలు వెంకమ్మగారి సమక్షంలో నేను గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో దెయ్యం కథ చెప్పను. చెప్పినా రుజువులు చూపించను. చూపించాల్సి వస్తే ముందు మేడెక్కి చూస్తాను, వెంట ఎవరినన్నా తీసుకుని. ఈ ప్రమాణం చేసి ఇన్నేళ్లయింది, ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంతవరకూ నన్ను మళ్లీ కథ చెప్పమని ఎవరూ అడగలేదనుకోండి.